దొంగకూత

నా చిన్నప్పుడు మా ఊర్లో చెడుగుడు ఆడని మగోడు లేడు, మా చిన్నాయన మాదిరి ఆడినోడూ లేడు. కృష్ణగిరి దగ్గర వేప్పనపల్లి పక్కన పల్లె మాది. చిన్నాయన అంటే మా నాయనకు తమ్ముడు. పగలంతా మామిడి తోపులో పని, సాయంత్రమైతే వరి కోసిన కయ్యలో గీత గీసి ఆట. ఆయన కూతకు పోతే ఎగిరేది లేదు, తొడ చరిచేది లేదు. సంతకు పోయినట్ల పోయి, ఒకర్ని తాకి, తిరిగి గీత కాడికి వచ్చేస్తాడు. మిగిలినోళ్ళు ఇంకొకర్ని కూడా తాకుదామని ఆశపడి, ఊపిరి చాలక దొరికిపోయేవాళ్ళు. తన ఊపిరి యాడిదాకా వస్తుందో చిన్నాయనకు బాగా తెలుసు.

ఆయనే నాకూ కూత నేర్పించినాడు. ఆడపిల్లకు చెడుగుడు ఎందుకురా అని మా అవ్వ సణుగుతానే ఉండేది. ఊపిరి అయిపోతే నేను పెదాలు మూసి, ముక్కుతో ఒక గుక్క పీల్చి, ఏమీ ఎరగనట్ల మళ్ళీ అందుకునేదాన్ని. ఆయన ఊరుకుంటాడా? దొంగకూత అని నెత్తిన ఒక మొట్టికాయ వేసేవాడు. అప్పుడు నాకు అది నవ్వులాట.

ఆ ఎండాకాలం బావిలో నీళ్ళు అడుక్కు పోయినాయి. గట్టు మీద నుంచి ఇంజను నీళ్ళు లాగలేకపోయింది. మా పక్క రైతులంతా చేసే పనే మా నాయనా చేసినాడు. ఆయిలింజన్ను మోకులు కట్టి బావి లోపల తిన్నె మీదికి దించినాడు. నీళ్ళు పైకి వస్తే చాలు అనుకున్నారే గానీ, ఆ పొగ యాడికి పోతుందని ఒక్కరూ అడగలేదు. తలుచుకుంటే ఇప్పటికీ కోపం వస్తుంది నాకు.

ఒక దినం మధ్యాహ్నం డీజిలు అయిపోయి ఇంజను ఆగింది. మా సేద్యంలో పనిచేసే మామ డీజిలు డబ్బా పట్టుకొని దిగినాడు. సగం మెట్లలోనే కూలబడిపోయినాడు. ఆయన్ని లేపుదామని మా నాయన దిగి, కళ్ళు తిరిగి ఇంకా కిందికి, ఇంజను పక్కన పడిపోయినాడు. మూడో ఆయన కాలు పెట్టబోతా ఉండగా చిన్నాయన తోపులో నుంచి పరిగెత్తి వచ్చి, రెక్క పట్టి వెనక్కి లాగేసినాడు. లోపల గాలి చెడిపోయింది, దిగినోళ్ళంతా పోతారు అన్నాడు.

నడుముకు ఒక మోకు కట్టుకొని, ఇంకో మోకు చేత పట్టుకొని, నన్ను దగ్గరికి పిలిచినాడు. "అమ్మా, నేను ఊపిరి బిగబట్టి దిగతానే కూత అందుకో. నీ ఊపిరి ఆగిన చోట లాగమని చెప్పు. నీ ఊపిరి నా దాంట్లో సగం. అంత సేపు నేను లోపల ఉంటే, మిగిలిన సగం పైకి వచ్చేదానికి సరిపోతుంది."

మొదట మామకు మోకు తగిలించినాడు. నా ఊపిరి ఆగింది, నేను చెప్పినాను, ఇద్దరినీ లాగినారు. మామ దగ్గి కళ్ళు తెరిచినాడు. చిన్నాయన వెంటనే దిగలేదు. గట్టు మీద కూర్చొని, కళ్ళు మూసుకొని, నిదానంగా ఊపిరి తీసి విడుస్తా ఉన్నాడు. మా అమ్మ ఆయన కాళ్ళ మీద పడింది. "లోపల ఉండేది మీ అన్నప్పా, నీకు కూర్చోను ఎట్ల మనసొచ్చింది?" అని ఏడ్చింది. ఆయన కళ్ళు తెరవలేదు. ఎగపోత తగ్గినాకనే లేచినాడు.

రెండోసారి కూత అందుకున్నాను. వంగి చూస్తే చిన్నాయన మా నాయన చంకల కింద మోకు దూరుస్తా ఉన్నాడు. ముడి ఇంకా పడలేదు. అంతలో నా ఊపిరి అయిపోయింది. ఆపితే చిన్నాయనను లాగేస్తారు, మా నాయన ఆడనే ఉండిపోతాడు. పెదాలు మూసి, ముక్కుతో పీల్చి, మళ్ళీ అందుకున్నాను. ఆ ఏడుపుల్లో ఎవరికీ తెలియలేదు. ఇంకోసారి కూడా అట్లనే చేసినాను.

ముడి పడింది. నాయనను లాగినారు. ఆ వెనక చిన్నాయన తల వాలిపోయి, నడుము మోకుకు వేలాడతా పైకి వచ్చినాడు.

నాయన పడిన కొంచెం సేపటికే ప్రాణం పోయిందని కృష్ణగిరిలో డాక్టరు చెప్పినాడు. చిన్నాయన బతికినాడు. కుడిచేయి మాత్రం వణికేది, మాట మధ్యలో మరిచిపోయేవాడు. ఆయన మళ్ళీ గీత కాడికి రాలేదు.

నాయన కర్మ అయినాక ఒక దినం నన్ను పక్కన కూర్చోబెట్టుకొని, ఎన్నిసార్లు పీల్చినావమ్మా అని అడిగినాడు. రెండుసార్లు అన్నాను. ఆయనకు కోపం రాలేదు. "టైమైపోయిందని లోపల నాకు తెలిసింది. నీ కూత ఇంకా వినిపిస్తా ఉంటే, నా లెక్కే తప్పేమో అనుకొన్నాను" అన్నాడు. కొట్టి ఉంటే బాగుండు అని ఎన్నేళ్ళు అనుకున్నానో.

పెద్దయినాక నర్సు పని చదివి, హోసూరులో ఎమర్జెన్సీ వార్డులోనే రిటైరయ్యేదాకా పనిచేసినాను. ఫ్యాక్టరీలో చేయి నలిగినోళ్ళు, హైవేలో గుద్దుకున్నోళ్ళు, పురుగుల మందు తాగినోళ్ళు, అందరూ ఆడికే వచ్చేవాళ్ళు. లోపలికి పోయే ముందు తలుపు కాడ నిలబడి, చిన్నాయన మాదిరి ఒక్కసారి నిదానంగా ఊపిరి తీసి విడిచేదాన్ని. ఎట్ల నిలబడుకోనుండావమ్మా అని వాళ్ళ బంధువులు తిట్టినారు. తిట్టనీ. నా చేయి ఒక్కనాడూ వణకలేదు. ఇప్పుడు హోసూరు పక్కన మత్తిగిరిలో మా ఇంటికి వచ్చే చిన్న నర్సమ్మలు, నీకు అంత ధైర్యం ఎట్ల వచ్చిందక్కా అంటే, చిన్నాయన ఆట గురించి చెప్తాను. నా కూత సంగతి మాత్రం ఇన్నాళ్ళూ దాచుకున్నాను.

వార్డులో నాకు తెలియంది వస్తే, నా చేయి అలిసిపోతే, ఆ క్షణమే గట్టిగా చెప్పేసేదాన్ని. నా వల్ల కాలేదు, ఇంకొకర్ని పిలవండి అని. పెద్ద నర్సమ్మకు సిగ్గు లేదా అని నవ్వినోళ్ళు ఉండారు. ఉండనీ. నా మాట నమ్ముకొని లోపల ఒక మనిషి ఉంటాడు. బావి కాడ ఆ పొద్దు మొదలు నేను ఊపిరి పీల్చేది నోరు తెరిచే, అందరికీ వినపడేట్ల.