నీలం రంగు లేని గుండె

2022 జూలై మొదటి వారంలో, బదిలీ ఉత్తర్వు చేతపట్టుకుని, శంషాబాద్ పక్కనున్న ఒక డిగ్రీ కాలేజీలో జంతుశాస్త్ర అధ్యాపకురాలిగా చేరాను. రిటైర్మెంటుకు రెండేళ్లు మాత్రమే మిగిలాయి. అత్తాపూర్‌లో ఇల్లు, బస్సెక్కితే ముప్పావు గంటలో కాలేజీ. ఈ వయసులో ఇంతకంటే మంచి పోస్టింగు రాదని తోటివాళ్లు అసూయపడ్డారు. విభాగం అంటే నేనూ, ల్యాబ్ అటెండర్ మల్లేశూ. పాఠం చెప్పడం నా పని, జాడీలు తుడవడం, పరికరాలు సర్దడం అతని పని. నియమాల ప్రకారం అంతే.

అక్కడ పాఠం చెప్పడానికి ఒక అలవాటు చేసుకోవాలి. విమానం తల మీదుగా దిగుతుంటే ఆ చప్పుడు పోయేదాకా నోరు మూసుకోవాలి. పిల్లలు తలెత్తి చూడరు. మొదటి వారం కిటికీ వైపు చూసింది నేనొక్కదాన్నే.

జంతుశాస్త్రం ప్రాక్టికల్స్ అనగానే చాలామందికి కప్పను కోయడం గుర్తొస్తుంది. ఆ పద్ధతి ఎప్పుడో ఆగిపోయింది. ఆగడమే మంచిదని నా అభిప్రాయం. నేనూ కోసీ కోసీ విసిగినదాన్నే. దాని స్థానంలో చార్టులు, కంప్యూటర్ బొమ్మలు, స్మార్ట్ బోర్డు వచ్చాయి. నేను చేరిన ఏడాదే మా గదికి కొత్త బోర్డు పెట్టారు. ఇంకేం, నాకు పండగే. గుండె పాఠం కోసం రెండు వారాలు కూర్చుని స్లైడ్లు చేశాను. తెర మీద గుండె గుండ్రంగా తిరుగుతుంది. మంచి రక్తం ఎరుపు, చెడు రక్తం నీలం. కవాటాలు తెరుచుకుంటాయి, మూసుకుంటాయి. ప్రిన్సిపాల్ గారు వచ్చి చూసి, మిగతా విభాగాలవాళ్లను కూడా పిలిచి చూపించారు. నా పాఠం చూసి నేనే మురిసిపోయాను. పిల్లలు ఫోన్లలో ఫోటోలు తీసుకున్నారు, బొమ్మ అచ్చుగుద్దినట్టు గీశారు. రికార్డు పుస్తకాల మీద సంతకాలు పెడుతూ, ఈసారి ఫలితాలు అదిరిపోతాయనుకున్నాను.

డిసెంబరులో సెమిస్టర్ ప్రాక్టికల్ పరీక్ష. దీనికి యూనివర్సిటీ బయటి కాలేజీ నుంచి ఒక పరీక్షకుడిని పంపుతుంది. ఆయన్ను ఎక్స్‌టర్నల్ అంటాం. పాఠం చెప్పిన మనిషి పక్కన ఇంటర్నల్‌గా కూర్చోవాలి. కూర్చోవాలి గానీ, పిల్లలకు కనుసైగ కూడా చేయకూడదు. ఆ ఏడు వచ్చిన ఎక్స్‌టర్నల్ ప్రభాకరం గారు. పొట్టిగా, నిటారుగా ఉండే మనిషి. టీ ఇస్తే వద్దన్నారు. గోడ మీది చార్టులు తీయించి మూలన పెట్టించారు. తన సంచిలోంచి ఒక జాడీ తీసి, పాడవకుండా ఫార్మలిన్‌లో ఊరబెట్టిన మేక గుండెను ట్రేలో పెట్టారు. వెనక భాగం పైకి వచ్చేలా, బోర్లా పెట్టారు.

మొదట స్వప్న వచ్చింది. మంఖాల్ నుంచి వచ్చే అమ్మాయి, రైతు కుటుంబం, తరగతిలో అందరికంటే చక్కగా బొమ్మ గీసేది ఆమే.

"పుపుస ధమని చూపించమ్మా," అన్నారు ప్రభాకరం గారు. గుండె నుంచి ఊపిరితిత్తులకు చెడు రక్తం తీసుకుపోయే నాళం అది.

స్వప్న ట్రే మీదికి వంగి అటూ ఇటూ వెతికింది. చాలాసేపు వెతికింది. చివరికి తలెత్తి, "సార్, నీలం రంగుది ఏది?" అని అడిగింది.

ఆయన నవ్వలేదు. పెన్ను బల్ల మీద పెట్టారు. ఆయన నవ్వి ఉంటే నాకు అంత సిగ్గు వేసేది కాదు. తర్వాత ఎడమ జఠరిక, అంటే ఒళ్లంతటికీ రక్తం తోసే గది, చూపించమన్నారు. స్వప్న కుడిచేతి వైపు వేలు పెట్టింది. ఆ తర్వాత వచ్చినవాళ్లంతా అక్కడే పెట్టారు. చార్టులో గుండె మనకు ఎదురుగా ఉంటుంది కాబట్టి దాని ఎడమ మన కుడిచేతి వైపు కనిపిస్తుంది. మా పిల్లలు నేర్చుకున్నది గుండెను కాదు, 'బొమ్మలో కుడివైపుది ఎడమ' అన్న ఒక్క ముక్కను. గుండెను బోర్లా తిప్పేసరికి ఆ ముక్క కాస్తా తలకిందులైంది. తరగతి మొత్తం ఒకే తప్పు చేస్తే ఆ తప్పు పిల్లలది కాదు. ఈ సంగతి నాకు అక్కడే, ఆ కుర్చీలోనే తెలిసిపోయింది. ఒప్పుకోవడానికి మాత్రం నెల పట్టింది.

సగానికి పైగా ఫెయిలయ్యారు. స్వప్న కూడా. ప్రభాకరం గారు నివేదికలో ఒకే వాక్యం రాశారు: "విద్యార్థులు బొమ్మను చూశారు, గుండెను చూడలేదు."

జనవరిలో ప్రిన్సిపాల్ గారు పిలిచారు. మా గ్రూపులో, అంటే వృక్ష, జంతు, రసాయన శాస్త్రాలు కలిపి చదివే బీజెడ్‌సీలో, చేరికలు ఎలాగూ తక్కువ. ఇప్పుడు ఫలితాలు కూడా ఇలా ఉన్నాయి. జూన్ పరీక్షలోనూ ఇదే తంతయితే గ్రూపును నగరంలోని మరో కాలేజీలో కలిపేస్తారని పైనుంచి కబురు వచ్చిందట. నేనెలాగూ రిటైరయ్యేదాన్ని. నాకు పోయేదేమీ లేదు. కానీ మరుసటి వారం స్వప్న వాళ్ల నాన్న నర్సింహ వచ్చి స్టాఫ్ రూమ్ గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

"మేడం, గ్రూపు పట్నం పోతదంట గద. ఈడికే రెండు బండ్లు మారి వస్తది పిల్ల. ఈడ ఉంటెనే పంపుత. పట్నం అంటె ఇగ బంద్," అన్నాడు.

కూర్చోమంటే కూర్చోలేదు. కోపంగానూ అనలేదు. వానలు పడకపోతే విత్తనం వేయనని చెప్పినంత మామూలుగా చెప్పి వెళ్లిపోయాడు. నాకు ఒళ్లు మండింది. మొదట ప్రభాకరం గారి మీద మండింది. పల్లెటూరి పిల్లలకు బోర్లా పెట్టి చూపిస్తాడా అని ఇంట్లో వారం రోజులు తిట్టుకున్నాను. అయినా ఆయన పెట్టింది గుండెనే కదా, ఇంకేం పెట్టాలి?

మల్లేశ్ ఒక సాయంత్రం ట్రేలు కడుగుతూ, అడగకుండానే అన్నాడు: "మేడం, ఏమనుకోకుండ్రి. ఆ పోరగాండ్లు దాన్ని ఎన్నడన్న చేతుల పట్టుకున్నరా?"

"చేత్తో పట్టుకోవడానికి ఎక్కడుంది?" అన్నాను, కాస్త కటువుగానే.

"ఏంది మేడం, తుక్కుగూడల మటన్ దుకాణాలు లేవా?"

ముప్పై ఏళ్ల సర్వీసు ఉన్న నాకు ఈ ఆలోచన రాలేదు. దుకాణంలో రోజూ అమ్మే అవయవాన్ని వాడితే మా కోసం ఏ జంతువునూ చంపినట్టు కాదు. ఆ మాటే రాసి ప్రిన్సిపాల్ గారి అనుమతి తీసుకున్నాను. చేతి తొడుగులు, వాడాక పారవేసే పద్ధతి, అన్నీ కాగితం మీద పెట్టాను. మాంసం ముట్టుకోలేమని ఇద్దరు పిల్లలు అన్నారు. వాళ్లకు తడిపిన గోధుమపిండితో గుండె చేసుకోమన్నాను.

తీరా మల్లేశ్ తెచ్చిన మొదటి గుండె ఎందుకూ పనికిరాలేదు. కూరకు పనికొచ్చేట్టు నాళాలన్నీ మొదలంటా కోసి, మధ్యకు చీల్చి ఇచ్చారు. నాకు నాళాలు కనీసం రెండంగుళాలు ఉండాలి, గుండెకు గాటు పడకూడదు. రెండోసారి నేనూ వెంట వెళ్లాను. కొయ్యకుండా, పైన గొట్టాలతో సహా కావాలంటే దుకాణదారు కత్తి ఆపి నన్ను ఎగాదిగా చూశాడు.

"ఏందన్నా, మేడం చేతబడి గిట్ల చేస్తదా?" అని మల్లేశ్‌ను అడిగాడు.

"చేస్తది. ఫెయిలైనోళ్లను పాస్ చేస్తది," అన్నాడు మల్లేశ్. దుకాణదారు పడీపడీ నవ్వి, ఆ రోజు నుంచి మాకు కావలసినట్టు కోసి పెట్టేవాడు.

ఫిబ్రవరి నుంచి గుండె పాఠం మళ్లీ మొదటి నుంచి ఎత్తుకున్నాను. స్మార్ట్ బోర్డు కట్టేశాను. గోడ మీది చార్టు విప్పి, దాని చిన్న నకళ్లు తీయించి, ఒక్కొక్కరి ఏప్రాన్ మీద, గుండె ఉండేచోట పిన్నుతో పెట్టుకోమన్నాను. బొమ్మ బయటికి చూస్తుండాలి. ఇద్దరేసి ఎదురెదురుగా నిలబడాలి. 'నీ ఎడమ జఠరిక ఎక్కడ?' అంటే నా ఎడమ చెయ్యి నా ఎడమవైపుకే పోతుంది, ఎదుటి మనిషికి అది కుడిచేతి వైపు కనిపిస్తుంది. వెనక్కి తిరిగి నిలబడితే మారిపోతుంది. పది నిమిషాల ఆట. ఆ తర్వాత ఎడమ అంటే చూసేవాళ్ల ఎడమ కాదని, గుండె ఎవరిదో వాళ్ల ఎడమ అని ఇంకెవరికీ చెప్పాల్సిన పని పడలేదు.

తర్వాత అసలు గుండె. పేర్లు చెప్పవద్దని కట్టడి చేశాను. ముందు వేళ్లతో నొక్కి చూడండి, ఏ వైపు మందంగా, గట్టిగా ఉందో చెప్పండి అన్నాను. మందంగా ఉన్నది ఎడమ జఠరిక, ఒళ్లంతటికీ తోయాలి కాబట్టి. మెత్తగా ఉన్నది కుడి, పక్కనే ఉన్న ఊపిరితిత్తులకు తోస్తే చాలు కాబట్టి. ఇది తెలిశాక బోర్లా పెట్టినా, తలకిందులుగా పెట్టినా, కళ్లు మూసుకున్నా పొరపాటు పడరు.

చివరికి నీళ్లు. కుడి జఠరిక గోడకు కింద గాటు పెట్టి, పుపుస ధమనిలో పైనుంచి నీళ్లు పోయించాను. నీళ్లు గాటులోంచి కారిపోవాలి కదా? కారవు. లోపలున్న మూడు చిన్న సంచుల్లాంటి కవాటాలు నిండి, ఒకదానికొకటి ఆనుకుని దారి మూసేస్తాయి. స్వప్న ఆ గుండెను పైకెత్తి కిందినుంచి చూసింది, పైనుంచి చూసింది. నీళ్లు గొట్టంలో అలాగే నిలిచి ఉన్నాయి.

"మేడం! గిది మా బాయిల ఫుట్‌వాలు లెక్కనే ఉన్నది!" అని అరిచింది.

వ్యవసాయ బావి మోటారు పైపుకు అడుగున ఫుట్‌వాల్వ్ ఉంటుంది. నీళ్లు పైకి వస్తాయి, మోటారు ఆపినా కిందికి జారవు. అది చెడితే పొద్దున్నే పైపులో బిందెలతో నీళ్లు పోయాలి. స్వప్న ఇంట్లో ఆ పని ఆమెదే. "గందుకేనా మేడం, వాల్వు ఖరాబైతె మనిషి గట్ల ఆయాసపడుడు?" అంది. కవాటాల జబ్బుల పాఠం నేనింకా మొదలుపెట్టనే లేదు. ఒక విమానం పోయింది. ఆ చప్పుడులోనూ పిల్లలు మాట్లాడుకోవడం ఆపలేదు. ఆ రోజు నాకు కలిగిన సంతోషం ముప్పై ఏళ్ల కింద మొదటి జీతం అందుకున్నప్పుడు కూడా కలగలేదు.

జూన్‌లో మళ్లీ ప్రాక్టికల్. ఫెయిలైనవాళ్లూ రాయాలి, ఆ సెమిస్టర్ సిలబస్‌లోనూ గుండె ఉంది. ఎక్స్‌టర్నల్ ఎవరో పరీక్ష రోజు దాకా తెలియదు. తలుపు తీసి లోపలికి వచ్చింది ప్రభాకరం గారే. అదే సంచి, అదే జాడీ. టీ వద్దన్నారు.

గుండెను మళ్లీ బోర్లా పెట్టారు. స్వప్న వచ్చింది. ఆయన ఎడమ జఠరిక అడిగారు.

"ముట్టుకోవచ్చా సార్?"

ఆయన తలూపారు. రెండు వేళ్లతో అటూ ఇటూ నొక్కి, సరైన వైపు చూపించింది.

"పోయినసారి ఇటు చూపించావు. చార్టులో కూడా ఇటే ఉంటుంది కదా?" అన్నారాయన.

"చార్టు మనదిక్కు చూస్తది సార్. గిది బోర్ల పడుకున్నది," అంది స్వప్న.

పుపుస ధమని చూపించింది. నీలం ఊసెత్తలేదు. కవాటం ఎలా పనిచేస్తుందో చెప్పమంటే నాళాన్ని వేలితో నొక్కి చూసింది. "ఇది ఫార్మలిన్ల బిరుసైంది సార్. తాజాది ఉన్నది, చూపిస్త," అంది. ఆయన నా వైపు చూశారు. నేను ఇంటర్నల్‌ని, నోరు విప్పకూడదు. విప్పలేదు. మల్లేశ్ అప్పటికే, కింద గాటు పెట్టిన తాజా గుండె ఉన్న ట్రేతో గుమ్మంలో ఉన్నాడు.

స్వప్న పిచికారీతో నీళ్లు పోసింది. గుండెను ఎత్తి, బల్ల మీద పరిచి ఉన్న ప్రభాకరం గారి మార్కుల పత్రానికి సరిగ్గా పైన పట్టుకుంది. ఆ పత్రం సీలు వేసి యూనివర్సిటీకి పోవాల్సింది. ఒక్క చుక్క పడితే మా అందరి కథ ముగిసినట్టే.

"ఒక్క సుక్క పడది సార్," అంది.

పడలేదు. ఆయన తల వంచి గాటులోంచి చూశారు, లేచి నిలబడి పైనుంచి చూశారు. తర్వాత తన కుర్చీ వెనక్కి జరిపి, "ఇటివ్వు," అని తానే చేతిలోకి తీసుకున్నారు. తమ కాలేజీలో పిల్లలకు కూడా ఇలా చూపించాలి, ఎలా కోయించారు అని, పరీక్ష అయ్యాక, ఆయన అడిగింది నన్ను కాదు, మల్లేశ్‌ను. మల్లేశ్ తుక్కుగూడ దుకాణం గుర్తులన్నీ చెప్పాడు. ఆ రోజు ప్రభాకరం గారు టీ తాగారు. రెండు కప్పులు తాగారు.

రాసినవాళ్లంతా పాసయ్యారు. నివేదికలో ఈసారి రెండు వాక్యాలున్నాయని, రెండోది నా గురించి కాదని, ల్యాబ్ సిబ్బంది గురించని ప్రిన్సిపాల్ గారు చెప్పారు. గ్రూపు కాలేజీలోనే ఉండిపోయింది. స్వప్న అక్కడే డిగ్రీ పూర్తి చేసింది. గర్వంగా ఉందా అంటే, ఉంది. చాలా ఉంది.

స్మార్ట్ బోర్డును నేను మళ్లీ వాడాను. అది చెడ్డ వస్తువేం కాదు. కాకపోతే తెర మీద చూపేది చేతిలో పెట్టిన తర్వాతే చూపాలి. ఈ వరస తిరగేస్తే ఎంత అనుభవమున్నవాళ్లైనా తప్పుతారు, నేను తప్పాను. అంతకుముందు పాఠం చివర "అర్థమైందా?" అని అడిగేదాన్ని. అందరూ ఔననేవారు. చివరి ఏడాది ఆ ప్రశ్న మానేసి, "చేతులు కడుక్కోండి," అని చెప్పి తరగతి ముగించాను. కడుక్కోవాల్సిన అవసరం ఎవరికీ లేదంటే, ఆ రోజు పాఠం జరగనట్టే లెక్క.