నడుము తాడు ముడి

ముప్పై ఏళ్లుగా మా పిన్ని ఫాదర్లకు పూజ వస్త్రాలు కుడుతోంది. ఆమె సూది కంటే నోరు పదును. "విందులన్నీ ఇక్కడే దాచారా ఫాదర్?" అని పెద్ద గురువు నడుముకే టేపు చుట్టి అడగగలదు.

ఆ వస్త్రాల్లో నడుముకు కట్టే తాడు నిగ్రహానికి గుర్తట. మెడలో వేసే పట్టీ క్రీస్తు మోపే కాడి. అన్నిటి మీదా వేసే వదులైన అంగీ ప్రేమ. ప్రేమ అన్నిటినీ కప్పుతుంది కనుక అది ఒంటి ఆకారం చూపించదు. ఫాదరుగా పట్టాభిషేకం జరిగిన నాడు వేసిన అంగీతోనే చివరికి శవపెట్టెలో పడుకోబెడతారు. "రెండు రోజులకూ పనికిరావాలి, గట్టిగా కుట్టవే" అనేది, పక్కన కూర్చుని కుట్టే నాతో.

ఈసారి అంగీ ఫాదరు కాబోతున్న సొంత కొడుక్కి. మొదటి కొలత నాడు తాడుకు గుర్తుగా ముడి వేసింది. నెల తర్వాత ఆ ముడి నాలుగు వేళ్లు లోపలికి జరిగింది. మూడోసారికి జానెడు.

"ఉపవాసాలమ్మా."

"ఉపవాసముంటే చిక్కుతారు. కళ్లు పచ్చబడవురా."

అప్పుడు చెప్పాడు. కాలేయంలో గడ్డ. ఇక చేసేదేమీ లేదన్నారట. "బిషప్పు గారికి తెలిస్తే పట్టం ఆపేస్తారమ్మా. ఇదొక్కటీ కానివ్వు."

నాకు ఒళ్లు మండిపోయింది. ఈ మొండితనం భక్తి ఎలా అవుతుంది? నేను నోరు తెరిచేలోపే పిన్ని నా చేతిలో పెన్సిల్ పెట్టి, "కొలత రాసుకో" అంది. ఆ గొంతు తనది కానట్టుంది.

పట్టాభిషేకం రోజు పునీతుల పేర్లు పాడుతుంటే తమ్ముడు ఆచారం ప్రకారం పీఠం ముందు బోర్లా పడుకున్నాడు. తెల్ల బట్ట నేల మీద పరిచినట్టుంది తప్ప, కింద మనిషి ఉన్నట్టు లేదు. పాట అయిపోయింది. వాడు లేవలేదు. పిన్ని గోళ్లు నా చేతిలో దిగాయి. కాసేపటికి మోచేతుల మీద లేచాడు.

అప్పటిదాకా ఒక భుజం మీంచి ఏటవాలుగా ఉన్న పట్టీని విప్పి, ఫాదరయ్యాడన్న గుర్తుగా రెండు భుజాల మీద నిలువుగా వేశారు. పైన అంగీ తొడిగారు.

"ఎంత నిండుగా ఉన్నాడో! మీ చేతి పనితనమే వేరు" అంది పక్కావిడ. ఎవరు పొగిడినా ఎదురు చమత్కారం విసిరే పిన్ని తల దించి కొంగు సర్దుకుంది.

పూజ ముగిశాక కొత్త ఫాదరు మొదటి దీవెన తల్లికే. పిన్ని మోకరించింది. చేతులు ఆమె తల మీద పెట్టి, వంగి నెమ్మదిగా అన్నాడు:

"అంగీ జాగ్రత్తగా మడిచిపెట్టమ్మా. త్వరలో మళ్లీ కావాలి."

గుడంతా వినేలా పిన్ని, "నోర్ముయ్ రా" అంది.