ఇంగ్లీషులో కుంటిన రోజు

చదువు పూర్తయి, ఉద్యోగం ఇంకా రాని ఆ రోజుల్లో నాకు అంత ధైర్యం ఎక్కడిదో ఇప్పుడు తలచుకుంటే ఆశ్చర్యంగా ఉంటుంది. బహుశా సండే స్కూలు ఇచ్చిందే అయ్యుంటుంది. హిందీ మాట్లాడే ప్రాంతమైన పర్సుడీహ్‌లోని మా తెలుగు క్రైస్తవ సంఘంలో పిల్లలకు బైబిలు కథలు చెప్పేదాన్ని కాదు, ఆడి చూపించేదాన్ని. ఆ ధైర్యంతోనే టౌనులో ఒక ఇంగ్లీషు మీడియం బడికి దరఖాస్తు పెట్టాను. ఆరో తరగతికి ఒక పాఠం చెప్పి చూపించమన్నారు: నడకను చెప్పే ఇంగ్లీషు క్రియలు, వాటి మధ్య తేడాలు. మా సంఘంలో అంతవరకూ ఎవరూ ఇంగ్లీషు బడిలో ఇంగ్లీషు చెప్పలేదు. ఇది తప్పిపోతే గమ్హరియాలో మామయ్య చూసిపెట్టిన ఫ్యాక్టరీ ఆఫీసులో టైపు కొట్టుకోవడమే.

నిఘంటువు తీస్తే ప్రతి మాటకూ ముందు 'నడుచు' అనే ఉంది. ఆ తర్వాత మెల్లగా, కష్టంగా, తూలుతూ అని చిన్న అక్షరాలు. అసలు సంగతంతా ఆ చిన్న అక్షరాల్లోనే ఉందని నాకు తట్టింది. యెరికో గోడ చుట్టూ తిరిగిన జనం ఊరికే నడవలేదు, అడుగులో అడుగు కలిపి మార్చ్ చేశారు. అంతకుముందు ఎడారిలో దిక్కు తెలియక తిరిగారే, అది వాండర్. దేవదూతతో పెనుగులాడాక యాకోబు కుంటుతూ వెళ్లాడు, అది లింప్. సాయంత్రం పార్కులో పల్లీలు నములుతూ మా పాస్టరుగారు, పాస్టరమ్మగారు చేసేది స్ట్రోల్. (ఈ చివరిది బైబిలు వాక్యంలో లేదు, నేను చూసింది.)

ఆ ఉదయం అమ్మా నేనూ ఉపవాసం. అమ్మ నా వెంట బడికి కూడా వచ్చింది. "నువ్వు పాఠం సెప్పుకో. నాను బయట కూకుని పార్థన సేత్తాను" అంటూ వరండాలో కిటికీ పక్కన బల్ల మీద కూర్చుంది. (కళ్లు మూసుకుని ప్రార్థించే మనిషి కిటికీలోంచి చూడదనుకున్నాను.)

ప్రిన్సిపల్ మేడమ్ కలం పట్టుకుని వెనక బెంచీలో కూర్చున్నారు. నేను మార్చ్ చేస్తే పిల్లలు బల్లలు మోగించారు. స్ట్రోల్ చేస్తే నవ్వారు. ఉత్సాహం వచ్చి, లింప్ దగ్గర కాలు ఈడ్చి, మొహం చిట్లించి, మూలిగాను కూడా. తర్వాతిది స్టాగర్, అంటే తూలుతూ నడవడం. ఖాళీ కడుపు పుణ్యమా అని అది మరీ సహజంగా కుదిరింది.

అంతే, తలుపు ధడాలున తెరుచుకుంది.

"ఓలమ్మ! ఏటయ్యిందే నీకు! పొద్దుట్నించి మంచినీళ్లైనా తాగనేదు గదే!" ఒక్క ఊపున వచ్చి నన్ను పట్టుకున్న అమ్మ, వెనక్కి తిరిగి ప్రిన్సిపల్‌తో, "బైఠ్‌కే క్యా దేఖ్ రహే హైఁ, మేడమ్‌జీ? బచ్చీ గిర్ రహీ హై!" అంది. బిడ్డ పడిపోతుంటే కూర్చుని చూస్తారా అని నిలదీయడమన్నమాట. తర్వాత ఒక చెయ్యి నా తల మీద, ఇంకో చెయ్యి మోకాలి మీద పెట్టి, "పెబువా! ఈ కాలు ముట్టు, తండ్రీ!" అని ప్రార్థన ఎత్తుకుంది.

"అమ్మా, ఏటీ నేదు, ఇది పాఠం!"

"నువ్వూరుకో. నాను దేవుడితో మాటాడతన్నాను."

ప్రార్థన మొదలయ్యాక మా ఇళ్లలో ఎవరూ కదలరు. నేను కూడా అలవాటు కొద్దీ చేతులు కట్టుకుని కళ్లు మూసుకున్నాను! అమ్మ 'ఆమెన్' అనగానే క్లాసంతా 'ఆమెన్' అంది.

కళ్లు తెరిచేసరికి ప్రిన్సిపల్ కలం ఆగి ఉంది. ఉద్యోగం పోయింది, ఇక పాఠమైనా మిగలాలనుకుని పిల్లల వైపు తిరిగి, "మా అమ్మ లోపలికి ఎలా వచ్చింది? వాక్ చేసిందా?" అని ఇంగ్లీషులో అడిగాను.

"నో మేడమ్! షీ రష్డ్!" అంది ముందు బెంచీ అమ్మాయి. "అరే, రన్ థా!" అన్నాడు వెనక నుంచి ఒకడు. పందెం కోసం పరిగెత్తేది రన్ అనీ, ఆలస్యమైతే ఏమవుతుందోనన్న భయంతో వచ్చేది రష్ అనీ చెప్పాను.

ప్రిన్సిపల్ లేచి, "మరి మాతాజీ బయటికి ఎలా వెళ్తారు?" అని హిందీలో అడిగారు. అమ్మ పమిట సర్దుకుని, నా మొహం ఒకసారి తేరిపార చూసుకుని, తీరిగ్గా, రాణిలా తలుపు దాకా నడిచింది. "స్ట్రోల్!" అని క్లాసంతా అరిచింది. ప్రిన్సిపల్ పకపకా నవ్వారు. ఉద్యోగం వచ్చింది.

ఆదివారం సంఘంలో అమ్మ సాక్ష్యం చెప్పింది: "పిల్ల కాలు పడిపోతంటే పెబువు లేపి నిలబెట్టి, ఆ పళంగా ఉజ్జోగం కూడా ఇచ్చీసినాడు!" హల్లెలూయలతో పైకప్పు రేకులు అదిరాయి. ఇంటికొచ్చాక, "అది నటనమ్మా" అన్నాను. "నటనైతే మరి ఉజ్జోగం నిజంగా ఎలాగొచ్చిందే?" అంది. ఆ ఉద్యోగం దేవుడిచ్చిందేనని నేను కూడా సాక్ష్యం చెబుతాను.

ఇప్పుడు అదే బడిలో ఇంగ్లీషు విభాగం నా చేతిలో ఉంది. మొన్న మెట్లెక్కుతుంటే వెనక గుసగుసలు: "మేడమ్ ట్రజ్ కర్ రహీ హైఁ." "నహీఁ రే, ప్లాడ్!" వెనక్కి తిరిగి చెప్పాను: అలసిపోయి, కాళ్లీడ్చుకుంటూ, ఇక చాలు బాబోయ్ అనుకుంటూ నడిస్తే ట్రజ్. మెల్లగానైనా ఆగకుండా వెళ్తూ ఉంటే ప్లాడ్. "నేను వెళ్లేది మీ క్లాసుకే కదా, ఏదో మీరే తేల్చండి." వాళ్లు నా మోకాళ్ల వంక చూశారు, మొహం వంక చూశారు. "ప్లాడ్, మేడమ్!" అన్నారు. సరిగ్గా చెప్పారన్న గర్వంతో రెయిలింగు పట్టుకుని, మిగిలిన మెట్లు ప్లాడ్ చేశాను.