పడమర నుంచి వచ్చే టేబుల్

మా అన్నయ్యకీ నాకూ మాటల్లేవు. ఒకే ఇల్లు, ఒకే వంటగది, ఒకే నీళ్ళ ట్యాంకు. కూరలో ఉప్పెక్కువైందని చెప్పుకోవాలన్నా మధ్యలో వదిన ఉండాల్సిందే. దీనికంతటికీ కారణం పెరట్లో రేకుల షెడ్డులో ఉన్న మిల్లింగ్ మెషీను అని ఊళ్ళోవాళ్ళు అంటారు. నన్నడిగితే అన్నయ్యే కారణం.

బందరులో మా పని రోల్డ్ గోల్డు నగలకి అచ్చులు చెక్కడం. దిద్దయినా లాకెట్టయినా మేం చెక్కిన ఇనప అచ్చు మీద రేకు పెట్టి కొడితేనే రూపం వస్తుంది. అన్నయ్య ఆ మెషీను చక్రాలు చేత్తో తిప్పుతూ ఇరవయ్యేళ్ళకి పైగా చెక్కాడు. నేను డిజైన్లు గీశాను, కట్టర్లు సానపెట్టాను, ఆయన విసుగు భరించాను.

ఆయన చాదస్తాలు ఒకటా రెండా! దసరాకి బొట్టు పెట్టి నిమ్మకాయ కట్టేదాకా మెషీనుని ఎవర్నీ తాకనిచ్చేవాడు కాదు. అదైనా ఏడాదికి ఒకసారి. రోజూ నాకు ఒళ్ళు మండించింది ఇంకొకటి. అచ్చు బిగించిన టేబుల్‌ని ఎక్కడ ఆపాలన్నా పడమర నుంచి తూర్పుకి తెచ్చే ఆపేవాడు. తూర్పు నుంచి రావాల్సివస్తే గుర్తు దాటించి, పడమరకి ఇంకాస్త తోసి, మళ్ళీ వెనక్కి తెచ్చేవాడు. ఒక్కో చుక్కకీ ఇదే తంతు. ఎందుకని అడిగితే, "మా గురువుగారు అలా చెప్పారు. నోరు మూసుకుని చెయ్యి" అనేవాడు. ఇంట్లో పొయ్యి ఏ మూలుండాలో, మంచం ఎటు తిప్పాలో శాసించే మనిషి కదా, ఇదీ వాస్తే అనుకున్నాను. కనపడిన ప్రతివాడికీ చెప్పి నవ్వాను కూడా.

బయటి ఊళ్ళ నుంచి కంప్యూటర్‌తో చెక్కిన అచ్చులు రావడం మొదలయ్యాక మాకు పని తగ్గిపోయింది. ఉన్న మెషీనుకే మోటార్లు బిగించి, కంప్యూటర్‌తో నడిచే సీఎన్‌సీ చేసేద్దామన్నాను.

"దాని చక్రాలు పీకిన రోజు నుంచి నేనీ షెడ్డులో అడుగుపెట్టను" అన్నాడు అన్నయ్య.

ఆయన పామర్రులో ఓ పెళ్ళికి వెళ్ళిన రోజు చూసి పీకాను. అవును, కావాలనే. సాయంత్రం వచ్చి చూశాడు. మర్నాడు పొద్దున్నే క్యారియర్ కట్టించుకుని గుడివాడ బస్సెక్కి, అక్కడెవరిదో లేత్ షాపులో పనికి కుదిరాడు. అప్పటి నుంచి రోజూ వెళ్ళి రావడమే.

మూడు నెలలు ఆ మెషీనుతో పడ్డాను. ఫోన్లో వీడియోలు చూస్తే అంతా ఒక పూట పనే. ఆ వీడియోలు తీసేవాళ్ళని బందరు ఉప్పుగాలిలో ఓ వారం కూర్చోబెట్టాలి. పార్శిల్లో వచ్చిన బోల్టు పెట్టె విప్పేలోగా తుప్పు పట్టేది. కరెంటు ఎప్పుడొస్తుందో, ఎప్పుడు పోతుందో దానికే తెలియాలి. మెషీనులో టేబుల్‌ని జరిపే పాత మరలు తీసి కొత్తవి వెయ్యమని ఒకరిద్దరు చెప్పారు. పాతవే చాలన్నాను.

ఎట్టకేలకు మొదటి అచ్చు చెక్కింది. దిద్దు పువ్వు, చుట్టూ పదహారు చుక్కలు. సగం చుక్కలు గీత మీద బుద్ధిగా కూర్చున్నాయి. మిగతా సగం పక్కకి జరిగి పడ్డాయి. బెల్టులు బిగించాను, ప్రోగ్రాం మళ్ళీ రాశాను, మోటార్లు అమ్మినవాణ్ణి ఫోన్లో తిట్టాను. మళ్ళీ అవే చుక్కలు, అదే తేడా.

ఆ రోజుల్లోనే వదిన షెడ్డు దగ్గరకొచ్చి, "రోజూ బస్సులో నిలబడి ఆయన కాళ్ళు వాచిపోతున్నాయి. ఆయన్ని మళ్ళీ ఈ షెడ్డులోకి తీసుకురాగలిగితే నువ్వే తీసుకురాగలవు" అంది.

విసుగొచ్చి ఒక మధ్యాహ్నం మోటారు విప్పి, మూలపడేసిన చక్రం మళ్ళీ తగిలించి చేత్తో తిప్పాను. తూర్పుకి తిప్పాను, టేబుల్ కదిలింది. వెంటనే పడమరకి తిప్పాను. చక్రం తిరిగింది కానీ టేబుల్ ఉన్నచోటే ఉంది. కాస్త తిరిగాక గానీ కదల్లేదు. అరిగిన మరలో అంత లూజు ఉంది. పక్కకి జరిగిన చుక్కలన్నీ టేబుల్ తూర్పు నుంచి వచ్చి ఆగినవే. ఎప్పుడూ ఒకే వైపు నుంచి వచ్చి ఆగితే ఆ లూజు ఏమీ చెయ్యలేదు. అన్నయ్య ఇరవయ్యేళ్ళుగా చేసింది ఇదే. నేను నవ్వింది దీన్నే.

చక్రం తీసి బల్ల మీద పెట్టి, మోటారు మళ్ళీ బిగించి, ప్రోగ్రాం మార్చి రాశాను. అది నడిపిన రోజు ఆదివారం కావడంతో అన్నయ్య ఇంట్లోనే ఉన్నాడు. వదిన ఏం చెప్పి ఒప్పించిందో, షెడ్డు దాకా తీసుకొచ్చింది. మెషీను నడుస్తోంది. తూర్పు నుంచి రావాల్సిన ప్రతి చుక్కకీ టేబుల్ గుర్తు దాటి పడమరకి పోయి, తిరిగి తూర్పుకొచ్చి ఆగుతోంది. అన్నయ్య నాలుగైదు చుక్కలు చూశాడు. ఆయన కుడిచెయ్యి దానంతటదే గాల్లో తిరగబోయి ఆగింది.

"ఇది నీకెవరు చెప్పారు?" అన్నాడు. మూడు నెలల తర్వాత నాతో అన్న మొదటి మాట.

నువ్వే అంటే చాలు. గుమ్మంలో నిలబడ్డ వదిన నా నోటివంకే చూస్తోంది. ఆ మాట నోటి దాకా వచ్చింది. అప్పుడే, నోరు మూసుకుని చెయ్యి అన్న ఆ గొంతు గుర్తొచ్చింది.

"ఎవరు చెప్తారు? నేనే కనుక్కున్నా" అన్నాను.

అన్నయ్య తలూపాడు. బల్ల మీదున్న చక్రం తీసుకుని లుంగీతో తుడిచాడు. "అయితే నీకిది అక్కర్లేదుగా" అని చంకన పెట్టుకుని వెళ్ళిపోయాడు. ఇకనుంచి ఆదివారాలు కూడా గుడివాడ వెళ్తానని వరండాలో వదినతో చెప్పాడు. నాకు వినపడేలాగే చెప్పాడు.

పదహారు చుక్కలూ వెంట్రుకంత తేడా లేకుండా కుదిరాయి. చిలకలపూడిలో నగలు చేసేవాళ్ళు అచ్చు చూసి మెచ్చుకున్నారు. ఇంత ముసలి మెషీనుతో ఎలా చేశావని అడిగారు. అక్కడా నేనే కనుక్కున్నానని చెప్పాను.