ఆరు గుండీల గౌను

వార్నీషు వాసన, కొత్త గుడ్డ వాసన కలిసి కొట్టే ఒక చెక్క చట్రం నా ఒళ్లో ఉంది. దానికి రెండు గుడ్డ రెక్కలు, వాటిని కలుపుతూ ఐదు పెద్ద గుండీలు. మాంటిస్సోరి టీచరు శిక్షణలో దీన్ని పిల్లల చేతికి ఇచ్చేముందు మేమే లెక్కలేనన్ని సార్లు పెట్టి తీయాలి. అదీ ఎంత నెమ్మదిగా అంటే, పక్కన కూర్చున్న మూడేళ్ల బిడ్డకు ఏ వేలు ఎటు పోతోందో కనబడాలి. ముప్పై నాలుగేళ్లు వచ్చినా నా వేళ్లకు ఆ నెమ్మది పట్టుబడదు. రెండో గుండీ దాకా బుద్ధిగా ఉంటాయి, మూడో దాని దగ్గర ఉరుకు మొదలు. మాకు నేర్పే పెద్దావిడను అందరం మేడమ్ అంటాం. ఆమె కళ్లజోడు పైనుంచి చూసి, "ఏంది తల్లీ, బస్సేమన్నా దాటిపోతుండాదా?" అంటుంది. అందరూ నవ్వుతారు, నేనూ నవ్వుతాను. నా చిన్నతనమంతా దాటిపోయే బండి కోసం ఉరకడమేనని ఆమెకు చెప్పలేదు.

మాది కోట అనే చిన్న టౌను దగ్గర, సముద్రం హోరు వినబడేంత దూరంలో ఒక ఊరు. కార్తీకం వానలకు వీధంతా బురదయ్యేది, సరుగుడు తోపు రాత్రింబగళ్లు ఈల వేసేది, వాన తెరిపిస్తే చాలు ఎండుచేపలు మళ్లీ ఇసకలో పరుచుకునేవి, వాటి వాసన మా పలకలకూ పుస్తకాలకూ పట్టేది. వేసవిలో ముంజలు బొటనవేలితో పొడిచి జుర్రుకునేవాళ్లం, చలికాలం తేగలు కాల్చుకునేవాళ్లం, ఏరిన గవ్వలన్నీ గౌను జేబులో వేసుకుని నడుస్తుంటే గలగలమనేవి. అమ్మమ్మ అరుగు మీద చేట పెట్టుకుని బియ్యంలో రాళ్లు ఏరేది. చూపు ఆనక తడుముతూనే ఏరేది, ఒక్క చేట బియ్యానికి ఒక పూట పట్టేది. మా ఇంట్లో తీరిగ్గా జరిగే పని అదొక్కటే.

మిగతాదంతా అమ్మ చేతుల మీద, పరుగు మీద. నాన్న చెన్నై రేవులో పడవల పనికి పోయి నెలకోసారి వచ్చేవాడు. అమ్మ రొయ్యలు ఒలిచే షెడ్డుకు పోయేది. తెల్లవారగానే షెడ్డు వ్యాను మా చర్చి మలుపులో ఆగి, రెండుసార్లు హారను కొట్టి, ఎక్కినవాళ్లను ఎక్కించుకుని పోయేది. ఆ లోపల అమ్మ నాకు మొహం కడిగి, రెండు జడలు లాగి బిగించి, రాత్రి చేపల పులుసు కలిపిన చద్దన్నం నోట్లో కుక్కి, గౌను తొడిగేది. ఐసులో నాని తెల్లబడిన వేళ్లు, రొయ్య ముళ్లు గీరిన వేళ్లు, నా మెడ దగ్గర చల్లగా తగిలేవి. గుండీలు టకటకా పడిపోయేవి. "చెయ్యి పెట్టు, బిన్నా పెట్టు" అనే మాట తప్ప పొద్దున పూట అమ్మ గొంతు నాకు గుర్తులేదు. నేను చేస్తానంటే ఆగే తీరిక ఎవరికుంది?

నాకు ఏడో ఏడు నడుస్తుండగా క్రిస్మస్ నెల వచ్చింది. ఇంటింటా వెదురు బద్దల నక్షత్రాలు కట్టారు, అమ్మమ్మ అరిసెల కోసం బెల్లం దాచిపెట్టింది, సాయంత్రాలు పాటల గుంపు వెనక మేము చలికి ముక్కులు ఎగబీలుస్తూ తిరిగేవాళ్లం. బళ్లో మా నాటిక ఉన్న రోజు కొత్త గౌను వేసుకోమన్నారు. ముందువైపు ఆరు గుండీలున్న ఊదారంగు గౌను. అమ్మ చెయ్యి రాగానే తోసేశాను.

"నేనే పెట్టుకుంటా."

ఏ కళనుందో, అమ్మ ఆ రోజు చెయ్యి వెనక్కి తీసుకుంది. నా ఎదురుగా గొంతుక్కూర్చుంది. నేను కింది నుంచి మొదలుపెట్టి పైదాకా వచ్చాను, చూస్తే ఒక కన్నం మిగిలిపోయింది. అన్నీ తీసి మళ్లీ మొదలుపెట్టాను. నాలుక బయటికి వచ్చింది, చెవులు వేడెక్కాయి. మలుపులో హారను మోగింది. అమ్మ కదలలేదు. రెండోసారి మోగింది. "పెట్టుకోమ్మా" అంది, అంతే. ఆరో గుండీ పడ్డాక ఇద్దరం పరుగెత్తాం. మలుపులో బురద మీద చక్రాల గుర్తులున్నాయి.

మరునాడు అమ్మ షెడ్డు నుంచి మధ్యాహ్నానికే నడిచి వచ్చింది. ఆమె కూర్చునే చోట మేస్త్రి ఇంకొకామెను కూర్చోబెట్టేశాడు. ఆ ఏడు అరిసెలు లేవు. అమ్మ నాట్లకు పోయింది, తరువాత చేపలు ఎండేసే పనికి పోయింది, షెడ్డు పని మళ్లీ దొరకలేదు. నన్ను ఒక్క మాట అనలేదు. నేనే పదేళ్లు వచ్చేదాకా గుండీలు ముట్టుకోలేదు, అమ్మ పెడుతుంటే కర్రలా నిలబడేదాన్ని.

ఇప్పుడు శిక్షణలో మొదటి పాఠమే ఆగడం. గోడవారగా చిన్న కుర్చీలో కూర్చుని, గంటసేపు లేవకుండా, సాయం చేయకుండా, ఒక బిడ్డ చేతులు ఏం చేస్తున్నాయో రాయాలి. నేను రెండుసార్లు తప్పాను. ఒకసారి ఒలుకుతున్న నీళ్ల జగ్గు పట్టుకున్నాను, ఒకసారి ఒక పిల్లాడి ముక్కు తుడిచాను. "ఇంకోసారి కుర్చీలోంచి లేస్తే ఈ బ్యాచ్‌లో నిన్ను పరీక్షకు పంపను" అని మేడమ్ ముందే చెప్పింది. దీనికోసమే నేను పాత బళ్లో ఉద్యోగం వదులుకున్నాను.

మూడోసారి కోటలో మేము సాధన చేసే బడిలో కూర్చున్నాను. బయట షేర్ ఆటో నిండా నాట్లకు పోయే ఆడవాళ్లు. అందులోంచి దిగిన ఒకామె కూతుర్ని గుమ్మంలో నిలబెట్టి, చెప్పుల పట్టీ తీయబోయింది. పాప కాలు వెనక్కి లాక్కుంది. తనే కూర్చుని పట్టీ లాగడం మొదలుపెట్టింది, తల్లి కొంగు మాత్రం వదల్లేదు. మేడమ్ ఆ తల్లికి ఆగమని సైగ చేసింది. తల్లి ఆగింది. ఒక కాలు వీధి వైపే ఉంది.

ఆటో హారను మోగింది. నేను పుస్తకంలో రాయాల్సిన చోట కలం ఆగిపోయింది. రెండోసారి మోగేసరికి నేను వీధిలో ఉన్నాను, ఆటో ముందు చక్రానికి అడ్డంగా.

"రెండు నిమిషాలు ఉండన్నా."

"లేటైతే నాట్లేయించే రైతు మమ్మల్ని తిడతాడక్కా" అన్నాడు డ్రైవరు.

"నన్ను తిట్టమను."

లోపలున్న ఒక పెద్దామె, "ఉండబ్బాయా, బిడ్డ చెప్పులు తీసుకుంటుండాది" అంది. డ్రైవరు బండి ఆపేశాడు. ఎంతసేపో తెలియదు, పాప రెండు చెప్పులూ తనే తీసుకున్నాక తల్లి నవ్వుకుంటూ పరుగెత్తి వచ్చి ఎక్కింది.

మేడమ్ నా పుస్తకం అడిగింది. సగం పేజీ ఖాళీ. ఆమె పుస్తకం మూసి, "నువ్వు చేసింది తప్పనడంలేదు తల్లీ. ఇందులో నేను దేనికి సంతకం పెట్టేది?" అంది. తరువాతి బ్యాచ్ అంటే ఇంకో ఏడాది. బాధగానే ఉంది, దాచుకోను.

ఆ షెడ్డు కూల్చేశారు, మా ఊళ్లో చర్చి మలుపు దాకా రొయ్యల గుంటలే, వెదురు నక్షత్రాలు కట్టేవాళ్లు లేరు. అమ్మ పోయి నాలుగేళ్లు. హారను విని కూడా ఎందుకు కదలలేదని ఆమెను ఏనాడూ అడగలేదు. ఆ పొద్దున వ్యాను నిండా మా ఊరివాళ్లే, ఒక్క నిమిషం ఆపమని ఒక్కరూ అనలేదు. వాళ్లను తప్పుపట్టను, వాళ్లకూ పిల్లలున్నారు. తరువాతి బ్యాచ్‌కు ఫారం నింపుతున్నాను. కూర్చోవడం నేర్చుకుంటాను, నేర్చుకోవాలి. కానీ ఆ ఆటో మళ్లీ హారను కొడితే మళ్లీ లేస్తాను.