అవ్వా అన్న పిలుపు

నా చిన్నప్పుడు మా పెద్దమ్మను అవ్వా అని పిలిచేవాళ్ళు ఎవరూ లేరు. మా సిద్దిపేట ఇళ్ళలో అవ్వ అంటే కన్నతల్లి. ఆమెకేమో పిల్లలు లేరు. భర్త, మా పెదబాపు, పోయాక మా పక్కనే రెండు గదుల పెంకుటింట్లో ఒక్కతే ఉంటూ బట్టలు కుట్టేది. నలభై ఏళ్ళకే తల ముగ్గుబుట్టయింది. రంగేసుకోమని మా అవ్వ పోరితే, నన్నెవరు చూడొస్తారని నవ్వి ఊరుకునేది.

ఒక ఏడు తొలకరి వానల్లో కెన్యా నుంచి ఒక అమ్మాయి మా ఊరి కాలేజీలో వ్యవసాయం చదవడానికి వచ్చింది. ఎన్నో ఉత్తరాలు రాసి, ఎదురుచూసి సంపాదించుకున్న సీటు. తీరా వచ్చాక కాలేజీవాళ్ళు ఊళ్ళో ఉండే చోటు చూపించమన్నారు, ఆమెకు పూచీగా ఊరివాళ్ళొకరు సంతకం పెట్టాలన్నారు. ఆ వారంలోగా కాకపోతే సీటు ఇంకొకరికి పోతుంది. పాపం, ఇల్లిల్లూ తిరిగింది. మా వీధిలో ఆమెను చూడడానికి అందరూ గడప దాటి వచ్చారు, ఖాళీ గది మాత్రం ఒక్కరింట్లోనూ లేదు.

మా పెద్దమ్మ దగ్గర గది ఉంది. కానీ ఎక్కడి పిల్లో ఏమో, రేపు ఏదైనా జరిగితే ఎవరు జవాబు చెప్పాలని చుట్టుపక్కలవాళ్ళు ముందే ఆమె చెవిలో వేశారు. లేదని చెప్పడానికే తలుపు దగ్గరికి వచ్చింది. నేను ఆమె కొంగు పట్టుకుని వెనకే ఉన్నాను. వానలో తడుస్తూ నిలబడ్డ ఆ అమ్మాయి, హైదరాబాదులో కొన్న పుస్తకం చూసి నేర్చుకున్న తెలుగులో, ఒక్కో మాటా కూడబలుక్కుంటూ అంది.

"అవ్వా, నాకు ఒక గది కావాలి."

పెద్దమ్మ నోట రావలసిన మాట రాలేదు. తలుపు బార్లా తీసి, "లోపటికి రా బిడ్డా, తడుస్తున్నవ్" అంది. మర్నాడు పెట్టెలోంచి మంచి చీర తీసి కట్టుకుని, కాలేజీకి పోయి సంతకం పెట్టి వచ్చింది.

సీటు నిలిచింది కానీ పిల్ల నిలిచేటట్టు కనిపించలేదు. మా కారాలకు ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగేవి. అన్నం నాలుగు మెతుకులు కెలికి లేచేది. తిరిగి తన దేశానికి పోతానని ఒకటే మాట. పెద్దమ్మకు ఏం చేయాలో తోచక తనూ సరిగా తినడం మానేసింది. ఒకరోజు తన కోసమని మొక్కజొన్న రవ్వతో మక్క గటక గట్టిగా వండుకుని కూర్చుంది. ఆ అమ్మాయి గిన్నెలోకి చూసి, అడగకుండానే ఇంత ముద్ద తీసుకుంది. బొటనవేలితో దానికి గుంట చేసి, అందులోకి కూర తోడుకుని నోట్లో పెట్టుకుంది. వాళ్ళింట్లోనూ రోజూ ఇదేనట. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని పగలబడి నవ్వారు. తర్వాత పోతానన్న మాట నేను వినలేదు.

కొన్నాళ్ళకు ఆ అమ్మాయి నాకు తన ఇంటివాళ్ళ ఫోటోలు చూపించింది. బోసినోటి ముసలామె ఫోటో మీద వేలు పెట్టి, "ఈమె మా అవ్వ. మీ పెద్దమ్మ జుట్టు, ఈమె జుట్టు ఒకటే" అంది. తర్వాతి ఫోటో వాళ్ళమ్మది. నాకు విషయం అర్థమైంది. ఆ పుస్తకం కోస్తావాళ్ళ తెలుగులో ఉన్నట్టుంది, వాళ్ళకు అవ్వ అంటే ముసలమ్మ, నాయనమ్మలాంటిది. పెద్దమ్మ ఇన్నాళ్ళూ మురిసిపోయింది ఈ పిలుపుకా! గొప్ప సంగతి కనిపెట్టిన దానిలా పరుగెత్తుకుంటూ పోయి చెప్పాను.

ఆమె కుట్టు ఆపలేదు. "నాకు ఎప్పుడో ఎర్కనే. గా పొల్ల ముసల్దాన్ననుకొని పిలిచింది, నేను కన్నతల్లి లెక్క పలికిన. గిండ్ల ఎవలికేం పోయిందే?" అంది. తర్వాత కుట్టు పక్కన పెట్టి, ఆ పిల్లకు మాత్రం చెప్పొద్దని నా గడ్డం పట్టుకుని బతిమాలింది. ఎప్పుడూ ఎవరినీ ఏదీ అడగని మనిషి.

నేను చెప్పలేదు. చెప్పింది కాలేజీలో తోటి పిల్లలు. ఆ సాయంత్రం ఆ అమ్మాయి వచ్చి, చెప్పులు విడిచి, గడప దగ్గరే నిలబడిపోయింది. అవ్వంటే ఇక్కడ తల్లి అట కదా అని మెల్లగా నన్ను అడిగింది. నేను తలూపాను. పొయ్యి దగ్గర పెద్దమ్మ మా వైపు తిరగలేదు, గటక కలిపే చెయ్యి మాత్రం ఆగిపోయింది. ఇక రేపట్నుంచి ఆంటీ అంటుందేమోనని నాకే భయమేసింది.

"అవ్వా," అంది ఆ అమ్మాయి, "ఆకలైతుంది."

ఆ పిలుపుకు ఎప్పుడూ వెంటనే పలికే పెద్దమ్మ ఆ ఒక్కసారి పలకలేకపోయింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, చేత్తోనే రమ్మని పిలిచింది.

ఇప్పుడు నా తలా ముగ్గుబుట్టే. దేశదేశాల పిల్లలు చదువుకునే యూనివర్సిటీలో హాస్టల్ చూసుకుంటున్నాను. కొత్తగా వచ్చినవాళ్ళు వచ్చీరాని తెలుగులో నన్ను అక్కా అంటారు, అత్తా అంటారు, మొన్నొక పిల్ల గుమ్మంలో పెట్టెతో నిలబడి వదినా అంది. దిద్దాలని నోటిదాకా వస్తుంది. కానీ ముందు పలుకుతాను, లోపలికి రమ్మంటాను. వరస వాళ్ళే నిదానంగా తేల్చుకుంటారు.