పెద్దిరాజు గారికి రెండో పేరు పనికిరాదు

డాక్టర్ పెద్దిరాజు గారికి పేకాట లేదు, పొడుం లేదు, కోపం అసలే లేదు. ఉన్నది ఒకే ఒక్క పిచ్చి. ఆ మాట ఆయన ముందు అనకూడదు. "ఏ రకం పిచ్చి? పుస్తకంలో ఆ పేరుతో ఏ జబ్బూ లేదే" అంటారు. అసలు సంగతేమిటంటే, ఒక వస్తువుకి రెండు పేర్లుంటే ఆయనకి అన్నం సయించదు.

రాజమండ్రి దానవాయిపేటలో ఆయన ఇల్లు. వెనక వీధిలో చినబాబు టిఫిను హోటలు. ఆ హోటలు బోర్డు మీద అట్టు ఒక వరసలో, దోసె ఒక వరసలో ఉండేవి. ఒకరోజు పొద్దున్న పెద్దిరాజు గారు ఆ బోర్డు చూసి, తినడం మానేసి, చినబాబుని పిలిచారు. రెంటికీ పిండి ఒకటేనా అని అడిగారు. ఒకటేనన్నాడు. పెనం? ఒకటే. కాల్చే మనిషి? ఆ మనిషీ ఒకడే, వాళ్ళ బావమరిది.

"మరి తేడా ఏంటయ్యా?"

"దోసెకి రేటెక్కువండి."

ఆ జవాబుతో ఇంకెవరైనా లేచి చెయ్యి కడుక్కునేవారు. పెద్దిరాజు గారు మధ్యాహ్నం దాకా అక్కడే కూర్చుని, ఒక వస్తువుకి ఒకే పేరు ఉండాల్సిన అవసరం గురించి చినబాబుకి విడమరిచి చెప్పారు. చినబాబు చివరికి దండం పెట్టి, బోర్డు మీద అట్టు తుడిచేశాడు. ఆ రోజు నుంచి వీధి వీధంతా దోసె రేటుకే అట్టు తింటూ డాక్టరు గారిని తలుచుకుంటోంది.

ఈ సంగతులేవీ తెలియకుండానే హెలెన్ 2002లో ఆయన దగ్గర కంప్యూటరు ఉద్యోగంలో చేరింది. మొదటి రోజు ఆయన అడిగిన మొదటి ప్రశ్న పేరు. హెలెన్ అని చెప్పింది. ఇంట్లో కూడా అదేనా అన్నారు. ఇంట్లో చిట్టి. చర్చి రిజిస్టరులో? హెలెన్ సునీత. కాలేజీలో? ఎస్. హెలెన్. పెద్దిరాజు గారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి, కాసేపు నుదురు రుద్దుకున్నారు.

"నీకేది ఇష్టమో నువ్వే ఎంచుకోమ్మా. కావాలంటే రేపు చెప్పు. నువ్వు ఏదంటే అదే. కానీ ఒక్కటే."

ఇంతకీ ఆయన పిచ్చికి ప్రభుత్వ ముద్ర పడినంత పని ఆ ఏడాదే జరిగింది. ఒక పెద్ద పరిశోధన సంస్థ వాళ్ళు దేశమంతా మెదడు జబ్బుల సర్వే మొదలుపెట్టారు. మెదడు మీద పరిశోధన చేసేవాళ్ళు ఒకే లక్షణానికి ఒక్కొక్క చోట ఒక్కొక్క పేరు రాసుకోవడం వల్ల, ఒకరు కనిపెట్టింది ఇంకొకరికి దొరకడం లేదట. అందుకని మెదడులోని ప్రతి భాగానికీ, ప్రతి లక్షణానికీ ఒకే పేరు, ఒకే నంబరు పెట్టి నీలం అట్ట పుస్తకం ఒకటి అచ్చువేశారు. దాంట్లో ఇంగ్లీషు వరస నిండా ఉంది, తెలుగు వరస ఖాళీగా ఉంది. ఆ ఖాళీ నింపే పని రెండు గోదావరి జిల్లాలకీ కలిపి, మెదడు జబ్బుల డాక్టరని పెద్దిరాజు గారికి అప్పగించారు. ఆ పుస్తకం వచ్చిన రోజున ఆయన వీధిలో అందరికీ దోసెలు తినిపించారు.

ఇంత పట్టింపు ఉన్న మనిషికి దేవుడు మాణిక్యాంబ గారిని భార్యగా ఇచ్చాడు. ఆవిడకి ప్రపంచంలో ఉన్నవి రెండే వస్తువులు, ఒకటి ఇది, రెండోది అది. కాగితాల మీద సంతకాల కోసం హెలెన్ ఇంటికి వెళ్ళినప్పుడల్లా వంటింట్లోంచి ఒకటే గొడవ.

"ఏవండీ, ఆ దాని మీదున్న ఇది తీసి, అందులో పడెయ్యండి."

"దేని మీదున్న ఏది తీసి, ఎందులో?"

"అదేనండీ. రోజూ ఉండేదే."

పెద్దిరాజు గారు పీట మీద కూలబడిపోయేవారు. ఒకసారి ఆయన గిన్నెలన్నిటికీ పేర్ల చీటీలు అంటించారు. మాణిక్యాంబ గారు వాటిని ఒకే ఒక్కసారి చింతపండుతో తోమారు. మర్నాడు మళ్ళీ ఇది, అది.

ఆఫీసులో మాత్రం ఆయన మాటకి ఎదురు లేదు. ఒక తెలుగు మాట పుస్తకంలోకి ఎక్కాలంటే పరీక్ష నెగ్గాలి. ఆయన ఆ మాట గట్టిగా చదువుతారు. వరసగా నిలబడ్డ సిబ్బంది ఎవరినీ అడక్కుండా, ఎవరివంకా చూడకుండా, అదేమిటో చేసి చూపించాలి. అందరూ ఒకే రకంగా చేస్తే మాట నెగ్గినట్టు. 'తిప్పడం' పరీక్షలో హెలెన్ తల పట్టుకుని కళ్ళు మూసుకుంది, అటెండరు బుల్లియ్య కడుపు పట్టుకున్నాడు, జీపు డ్రైవరు సత్తిరాజు స్టీరింగు తిప్పాడు. ఆ మాట అక్కడికక్కడే తప్పింది.

'తూలడం' పరీక్ష నాడు సంస్థ నుంచి డాక్టర్ మురళీకృష్ణ గారని తనిఖీ అధికారి చెప్పకుండా దిగారు. తలుపు తీసేసరికి ఆఫీసు ఆఫీసంతా తూలుతోంది. బుల్లియ్య బీరువా పట్టుకుని తూలుతున్నాడు. హెలెన్ కంప్యూటరు మీద పడబోయి ఆగింది. సత్తిరాజుకి నాటకాల్లో వేషాలు కట్టిన అనుభవం ఉంది కాబట్టి, గది ఈ మూల నుంచి ఆ మూలకి తూలి, ఆ అధికారి భుజం మీదే వాలాడు. మురళీకృష్ణ గారు కంగారుపడిపోయి వాణ్ణి కుర్చీలో కూలేసి, కళ్ళలోకి టార్చి వేసి, మోకాలి మీద చిన్న సుత్తితో కొట్టారు. సత్తిరాజు కాలు లేచి ఆయన బ్రీఫుకేసుకి తగిలింది.

"చిన్న మెదడు దెబ్బతిందండీ. ఈ పేషెంటుని వెంటనే చేర్చుకోవాలి" అన్నారాయన చెమటలు తుడుచుకుంటూ.

పెద్దిరాజు గారి ముఖం వెలిగిపోయింది.

"చూశావా హెలెన్, చదువుకున్న డాక్టరు కూడా ఇదేమిటో ఠక్కున పట్టేశారు. తూలడం నెగ్గింది. రాసుకో."

సర్వే కోసం జీపులో ఊళ్ళు తిరిగేటప్పుడు కూడా ఇదే వరస. కోనసీమ వైపు వెళ్ళేటప్పుడు రావులపాలెం అరటి మార్కెట్ దగ్గర జీపు ఆగి తీరాలి. కర్పూరం, అమృతపాణి, బొంత అని కేకలు పెడుతుంటే, ఏ గెల పేరు చెబితే ఆ గెల మీదే చేతులు పడడం చూసి ఆయన తన్మయులైపోయేవారు. పరిశోధన అంటే ఇలా ఉండాలి అనేవారు. సత్తిరాజు మాత్రం ఆ సందులో తినగలిగినన్ని పళ్ళు తినేసేవాడు.

ఉప్పాడలో స్కూలు అరుగు మీద ప్రతి నెలా క్యాంపు. అక్కడ హెలెన్‌కి ఒక వింత కనబడింది. లోవమ్మ అనే ముసలమ్మ వచ్చి, తలకాయలో ఎవరో మగ్గం ఆడిస్తున్నారండీ అని చెప్పింది. హెలెన్ వేళ్ళు కీబోర్డు మీద ఆగిపోయాయి. ఇంకేముంది, ఆయన పీట మీద కూలబడినట్టు ఇక్కడా కూలబడతారు, ముసలమ్మకి పాఠం మొదలవుతుంది అనుకుంది. పెద్దిరాజు గారు స్టూలు దగ్గరకి జరుపుకుని, ఆ మగ్గం ఎడం పక్కనుందా కుడి పక్కనుందా, పొద్దున్న ఆడుతుందా సాయంత్రమా అని అడిగి, మందు రాసిచ్చి పంపేశారు. ఎండ దెబ్బకి ఆయన అలిసిపోయారు కాబోలు అనుకుని హెలెన్ ఊరుకుంది.

ఆ క్యాంపుకే శ్రీదుర్గ అనే పిల్ల వచ్చేది. ఆమెకి చిన్నప్పటి నుంచి మూర్ఛ. పెద్దిరాజు గారి మాత్రలు వేసుకున్నాక ఏడాది పైగా ఒక్కసారి కూడా రాలేదు. ఆమె వేళ్ళల్లో పని ఉంది. వాళ్ళమ్మ దగ్గర జాంధానీ నేత నేర్చుకుంది. కానీ ఆ ఊళ్ళో మగ్గం కావాలన్నా నూలు కావాలన్నా వీరాస్వామి గారే ఇవ్వాలి, ఆయనేమో ఆమెని మగ్గాల షెడ్డు గడప తొక్కనివ్వడం లేదు. జబ్బు కుదుటపడింది, మగ్గం మీద కూర్చోవచ్చు అని పెద్దిరాజు గారే స్వయంగా వెళ్ళి చెప్పారు.

"మీరు చెప్పింది నిజమేనండి. నేను కాదన్లేదండి. కానీ ఫిట్సు పిల్ల కదండీ" అన్నారు వీరాస్వామి గారు.

ఊళ్ళో ఆమెని అందరూ అలాగే పిలుస్తారు. ఎదురుగా ఉన్నప్పుడు కూడా అలాగే పిలుస్తారు, దురుద్దేశం ఏమీ ఉండదు, అలవాటు. జబ్బు పోయింది గానీ జబ్బు పెట్టిన పేరు పోలేదు. అట్టు గురించి పూటంతా వాదించిన మనిషి ఆ రోజు ఒక్క మాటైనా వాదించకుండా జీపెక్కడం హెలెన్‌కి నచ్చలేదు. దారి పొడుగునా ఆమెకి ఆయన మీద కోపంగానే ఉంది.

తర్వాతి నెల క్యాంపులో వీరాస్వామి గారే వచ్చారు. తెర వెనక్కి వెళ్ళి గుసగుసగా చెప్పుకున్నారు. పక్కనే టైపు చేస్తున్న హెలెన్ నవ్వాపుకోవడానికి పెదవి కొరుక్కోవాల్సి వచ్చింది. ఆయన నిద్రలోనే లేచి వంటింట్లోకి నడిచి, ఆవకాయ అన్నం కలుపుకుని తినేసి, మళ్ళీ వచ్చి పడుకుంటారట. పొద్దున్న ఏమీ గుర్తుండదు. పాపం ఇంట్లో పిల్లిని తరిమేశారు, అయినా అన్నం గిన్నె ఖాళీ అవుతూనే ఉంది. చివరికి చేతికి కారం వాసన చూసి భార్య కనిపెట్టింది. ఊరి పెద్దమనిషి, బయట తెలిస్తే తలెత్తుకోలేరు. పెద్దిరాజు గారు చిరునవ్వైనా నవ్వకుండా విని, ఇది కూడా పుస్తకంలో ఉన్న జబ్బేనని, కుదురుతుందని ధైర్యం చెప్పారు.

వివరాలు రాయడానికి తెర బయటికి వచ్చారు. ఎదురుగా అరుగు నిండా జనం.

"మీ ఇల్లెక్కడండీ?" అన్నారు పెద్దిరాజు గారు.

"ఆ ఫిట్సు పిల్ల ఇంటి పక్కనేనండి, ఆయ్."

"ఎవరి ఇంటి పక్కన?"

"అదేనండి, ఫిట్సు పిల్లండి."

"ఆ పేరుగల మనిషి మా కంప్యూటరులో లేదే. హెలెన్, వెతుకమ్మా."

హెలెన్ వెతికి, లేదంది. వీరాస్వామి గారు సముద్రం వైపు, రోడ్డు వైపు చెయ్యి చూపించి, కొబ్బరి చెట్టు గుర్తు చెప్పి, చివరికి దేవాలయం దారి కూడా చెప్పారు. పెద్దిరాజు గారు అన్నీ శ్రద్ధగా విని, మళ్ళీ ఎవరి ఇంటి పక్కన అన్నారు. వెనక వరసలో జనం విసుక్కుంటున్నారు. ఈ డాక్టరుకి పేర్ల గొడవ ఉందని ఊరందరికీ తెలుసు కాబట్టి ఎవరికీ కోపం రాలేదు, ఆకలి మాత్రం వేసింది.

పెద్దిరాజు గారు కళ్ళజోడు తుడుచుకుంటూ చాలా నెమ్మదిగా అన్నారు.

"సరేనండి. మనిషిని జబ్బు పేరుతో పిలవడం మీ ఊరి పద్ధతి అయితే కాదనడానికి నేనెవర్ని? కానీ పద్ధతన్నాక అందరికీ ఒకటే ఉండాలి కదండీ. హెలెన్, మరి వీరాస్వామి గారి పేరు దగ్గర..."

వీరాస్వామి గారి ముఖం పాలిపోయింది.

"శ్రీదుర్గండి" అన్నారు ఒక్క గుక్కలో. "మా పక్కింటి అమ్మాయి శ్రీదుర్గండి. మంచి పిల్లండి. ఆయ్."

"అలా చెప్పండి. ఆవిడేం చేస్తారు?"

"మగ్గం నేస్తుందండి."

"ఎవరి దగ్గర?"

స్తంభం పక్కన నిలబడ్డ శ్రీదుర్గ చున్నీ కొస వేలికి చుట్టుకుంటోంది. వీరాస్వామి గారు ఒకసారి తెర వంక చూశారు, ఒకసారి కంప్యూటరు వంక చూశారు.

"మా దగ్గరేనండి" అన్నారు. "సోమవారం నుంచి."

పెద్దిరాజు గారు శ్రీదుర్గని ముందుకి పిలిచి, ఏ పేరుతో పిలవమంటారో మీరే చెప్పండమ్మా, మీరు ఏదంటే అదే, కానీ ఒక్కటే అన్నారు. ఆమె ఊరందరికీ వినపడేట్టు శ్రీదుర్గ అని చెప్పింది. వెనక నుంచి లోవమ్మ, ఇంకేం, రాసుకున్నారుగా, ఇక మందులివ్వండి బాబూ అంది. ఆ పూట మందులు తీసుకున్న వాళ్ళలో సగం మంది శ్రీదుర్గ ఇంటికి ఇటు పక్కనో, అటు పక్కనో, ఎదురుగానో ఉన్నామని అడక్కుండానే చెప్పి వెళ్ళారు.

తిరిగి వచ్చేటప్పుడు హెలెన్ ఉండబట్టలేక అడిగింది. లోవమ్మ తలకాయలో మగ్గం ఆడుతోందంటే అర్థమైన మనిషికి, ఫిట్సు పిల్లంటే ఎవరో అర్థం కాలేదా సార్ అంది. పెద్దిరాజు గారు కిటికీలోంచి సముద్రం వంక చూస్తూ, జబ్బుకి ఒక పేరుంది, మనిషికి ఒక పేరుంది, అవి కలిసిపోతే నంబరు వెయ్యడం కష్టమమ్మా అన్నారు. అప్పుడు గుర్తొచ్చింది హెలెన్‌కి. ఆయన చినబాబుని సతాయించారు, సంస్థ వాళ్ళని సతాయించారు, తమని రోజూ తూలించారు గానీ, బాధ చెప్పుకోవడానికి వచ్చిన మనిషి మాటని మాత్రం ఒక్కనాడూ దిద్దలేదు. ఆమెకి ఆ మనిషి మీద పట్టలేనంత ఇష్టం పుట్టుకొచ్చింది. పోయిన నెల కోపగించుకున్నందుకు సిగ్గు కూడా వేసింది.

కాగితాలు ఇవ్వడానికి ఆయనతోపాటు ఇంటికి వెళ్ళింది. ఆయన పీట మీద కూర్చుని పేపరు తెరిచారు. పొయ్యి దగ్గర నుంచి మాణిక్యాంబ గారు వెనక్కి తిరక్కుండానే కేకేశారు.

"ఏవండీ, ఆ దాని పక్కన ఇది ఉంటుంది, ఇలా అందుకోండి."

పెద్దిరాజు గారు పేపరులోంచి తల ఎత్తకుండా చెయ్యి చాచి, చల్ల కవ్వం పక్కనున్న పోపులపెట్టె తీసి ఆవిడ చేతిలో పెట్టారు. ఆవిడా చూడకుండానే అందుకుని ఆవాలు వేసేశారు.

గుమ్మంలో హెలెన్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది. పెద్దిరాజు గారు తల ఎత్తి ఆమెని చూశారు. ఒక్క క్షణం తటపటాయించి, పోపులపెట్టె భార్య చేతిలోంచి లాక్కుని ఎక్కడిదక్కడ పెట్టేసి, కళ్ళజోడు సవరించుకున్నారు.

"దేని పక్కన ఏది?" అన్నారు గట్టిగా.